కారు లేకుండా అంతరిక్ష యాత్ర: నాలుగు నగరాల్లో మీకు తగినది ఏది?

అంతరిక్షంతో సంబంధం ఉన్న ఊరు చూసి రావాలి అనగానే అందరి నోటా ముందుగా వచ్చే పేరు బెంగళూరు. ఇస్రో ప్రధాన కార్యాలయం అక్కడే కదా అంటారు. నిజమే, న్యూ బీఈఎల్ రోడ్డులో అంతరిక్ష భవన్ ఉంది, సిటీ బస్సు కూడా ఆ దారిలోనే పోతుంది. దిగి, గేటు ఎదుట నిలబడి, బోర్డు చదివి, మళ్లీ బస్సెక్కడం తప్ప మామూలు మనిషి అక్కడ చేయగలిగింది ఏమీ లేదు. ఉపగ్రహాలు తయారయ్యే చోట, రాకెట్లు బిగించే చోట కాపలా ఉంటుంది, ఉండాలి కూడా. అందుకని ఊరు ఎంచుకునేటప్పుడు అక్కడ ఇస్రో ఎంత పెద్దది అన్న లెక్క పక్కన పెట్టి, మన కోసం తెరిచే తలుపు ఏది, ఆ తలుపుకూ బస్టాపుకూ మధ్య దూరం ఎంత అని అడగాలి. ఇలా చూస్తే వరుస తారుమారవుతుంది. బెంగళూరు అట్టడుగుకు జారుతుంది. అంతరిక్షం ఊసెత్తితే ఎవరికీ గుర్తురాని చెన్నై మొదటి స్థానానికి వస్తుంది.

సొంత వాహనం లేకుండా రైలు, బస్సు, మెట్రోల మీదే ఆధారపడి, ఒకటి నుంచి మూడు నాలుగు రోజులు కేటాయించగలిగిన తెలుగువారిని మనసులో పెట్టుకుని హైదరాబాద్, చెన్నై, తిరువనంతపురం, బెంగళూరు నగరాలను పోల్చి చూస్తున్నాను. ప్రవేశ రుసుములూ వేళలూ తరచూ మారతాయి గనుక వాటి జోలికి పోవడం లేదు. బయలుదేరే ముందు ఆయా సంస్థల సెలవు రోజులు చూసుకోవడం మాత్రం మానకండి. సెలవు రోజున వెళ్లి, తాళం చూసి తిరిగివచ్చినవారు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు.

హైదరాబాద్: పిల్లలు వెంట ఉంటే మరో ఆలోచన వద్దు

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవారికి దగ్గరిదీ, మెట్రో మీదే దాదాపు అంతా చుట్టిరాగలిగినదీ హైదరాబాదే. ఎర్ర లైనులో అసెంబ్లీ స్టేషన్లో గానీ లక్డీకాపూల్‌లో గానీ దిగితే నౌబత్ పహాడ్ దగ్గరే. గుట్ట ఎక్కే దారి కాస్త ఆయాసపెడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు స్టేషన్ దగ్గరే ఆటో మాట్లాడుకోవడం మేలు. గుట్ట మీది బిర్లా నక్షత్రశాలను 1985లో అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావు ప్రారంభించారు. పక్కనే సైన్స్ మ్యూజియం, 2019లో దానికి తోడైన అంతరిక్ష మ్యూజియం ఉన్నాయి. రాకెట్ల, ఉపగ్రహాల నమూనాలు అందులో దగ్గరగా చూడవచ్చు.

ఈ ఊరికి నేను ఎక్కువ మార్కులు వేయడానికి అసలు కారణం భాష. గుమ్మటం కింద చీకట్లో వెనక్కి వాలి కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లకు శని వలయాల గురించి తెలుగులో చెప్పే ప్రదర్శన ఈ నాలుగు నగరాల్లో ఇక్కడే దొరుకుతుంది. చెన్నైలో తమిళం, బెంగళూరులో కన్నడం, తిరువనంతపురంలో మలయాళం, వాటితోపాటు ఇంగ్లిషు. ఇంగ్లిషు మీడియం పిల్లలకు ఏ ఊరైనా ఫరవాలేదు అనుకోవచ్చు గానీ, వెంట వచ్చిన అమ్మమ్మ మాటేమిటి? ఒక మాట ముందే చెప్పాలి. సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం ఉంది. పిల్లలు నక్షత్రాలను వదిలేసి దాని దగ్గరే తిష్ట వేస్తారు. ఆ అరగంట లెక్కలో వేసుకుని టైము చూసుకోండి.

నక్షత్రశాలతోనే తిరుగుముఖం పట్టేవాళ్లు ఊరి అసలు కథను వదిలేసినట్టే. అసెంబ్లీ స్టేషన్ నుంచి బషీర్‌బాగ్ వైపు నడిస్తే ఎల్‌బీ స్టేడియం, దాని పక్కన నిజాం కాలేజీ. అంతరిక్షంలోకి వెళ్లిన తొలి భారతీయుడు రాకేశ్ శర్మ చదువుకున్నది ఇక్కడే. 1984 ఏప్రిల్ 3న సోయజ్ టీ-11లో బయలుదేరి దాదాపు 8 రోజులు ఆయన రోదసిలో గడిపారు. ఆయన కంటే ముందుతరం వాడు వేణు బాపు కూడా ఈ కాలేజీ విద్యార్థే. 1949లో హార్వర్డ్‌లో పరిశోధన చేస్తూ కొత్త తోకచుక్కను కనిపెట్టారు. బాపు-బోక్-న్యూకిర్క్ అని ముగ్గురి పేర్లూ కలిపి దానికి పెట్టారు. ఒకే కాలేజీ నుంచి ఒకరు తోకచుక్కకు పేరయ్యారు, ఒకరు కక్ష్యలో తిరిగి వచ్చారు. ఈ సంగతి హైదరాబాద్‌లో ఉండేవారిలోనే ఎంతమందికి తెలుసు?

వేణు బాపుకు ఆకాశం మీద ఆసక్తి పుట్టిన చోటు కూడా మెట్రో దారిలోనే ఉంది. ఆయన తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి. నవాబ్ జఫర్ జంగ్ 1901లో గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి ఫిసల్‌బండలో సొంతంగా నెలకొల్పిన వేధశాల అది. ఆయన తదనంతరం నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, 1908లో బేగంపేటకు మారింది. ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక వేయాలని 1887లో ప్యారిస్‌లో తలపెట్టిన అంతర్జాతీయ పథకంలో హైదరాబాద్‌కు ఒక పట్టీ దక్కింది. దక్షిణ ఖగోళంలో 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల దాకా. కంప్యూటర్లు లేని రోజుల్లో గాజు పలకల మీది చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు నమోదు చేశారు. ఆ ఆవరణలో ఇప్పుడు ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం ఉంది. నీలం లైనులో బేగంపేట స్టేషన్ నుంచి వెళ్లవచ్చు. పాత కట్టడం మీద మరీ ఆశలు పెట్టుకోకండి. శిథిలమైపోయింది, లోపలికి వెళ్లాలంటే అనుమతి కావాలి. చరిత్ర మీద మక్కువ ఉన్నవారికే ఈ మజిలీ. పిల్లలను తీసుకెళ్తే విసుక్కుంటారు.

బాలానగర్ స్టేషన్ ప్రాంతంలో జాతీయ దూరసంవేదన కేంద్రం ఉంది. ఉపగ్రహాలు తీసిన చిత్రాల మీద పని చేసే సంస్థ ఇది, ఆ చిత్రాలను అందుకునే యాంటెన్నాలు షాద్‌నగర్‌లో ఉన్నాయి. మామూలు రోజుల్లో ప్రవేశం లేదు. నగరానికి దూరంగా జాపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి 48 అంగుళాల టెలిస్కోపు ఉంది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి శాస్త్రవేత్తలు తరలివచ్చిన చోటు. ఇబ్రహీంపట్నం దాకా సిటీ బస్సులు బాగానే ఉంటాయి, ఆపైన కష్టం. ఖగోళ విభాగం అనుమతితో వెళ్లే విద్యార్థి బృందాలకు తప్ప నేను దీన్ని సిఫారసు చేయను.

చెన్నై: రైల్లోనే అన్నీ

చెన్నైని మొదటి స్థానంలో పెట్టడానికి కారణం ఒక రాతి స్తంభం.

నుంగంబాక్కం కాలేజీ రోడ్డులో ప్రాంతీయ వాతావరణ కేంద్రం ఉంది. తుపాను వచ్చినప్పుడల్లా టీవీలో దీని పేరు వింటాం. ఆ ఆవరణలోనే 1792లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు అబ్జర్వేటరీ కట్టింది. విలియం పెట్రీ అనే కంపెనీ అధికారి ఎగ్మూరులో తన ఇంటి దగ్గర సరదాగా మొదలుపెట్టిన పరిశీలనే దానికి బీజం. కట్టించినవాడు మైకేల్ టాపింగ్. మన కోరమండల్ తీరాన్ని కొలిచిన సర్వేయర్ ఆయనే. భవనం పోయింది గానీ టెలిస్కోపును మోసిన 15 అడుగుల నల్లరాతి స్తంభం మిగిలింది. దాని మీద టాపింగ్ పేరూ, 1792 అన్న అంకె చెక్కి ఉన్నాయి. వేధశాల స్థాపన సంగతి పలు భాషల్లో శాసనంగా వేయించారు. వాటిలో తమిళంతోపాటు తెలుగు కూడా ఉంది. పరాయి రాష్ట్రంలో, ఒక ప్రభుత్వ కార్యాలయం ఆవరణలో, ఖగోళశాస్త్రం గురించి రెండు శతాబ్దాల నాటి తెలుగు శాసనం! రైలు ఖర్చు దీనితోనే గిట్టుబాటు అయిపోతుందని నా అభిప్రాయం.

రాయి అంత బరువుగా ఎందుకంటే, ఆ టెలిస్కోపు పని అలాంటిది. అది అటూ ఇటూ తిరగదు. ఉత్తర దక్షిణాల గీత మీద మాత్రమే పైకీ కిందికీ కదులుతుంది. నక్షత్రం ఆ గీతను దాటే క్షణాన్ని పట్టుకుని దానితో గడియారాన్ని సరిచేస్తారు. స్తంభం వెంట్రుకవాసి కదిలినా కాలం తప్పుతుంది. అలా నక్షత్రాలను చూసి నిలబెట్టిన మద్రాసు సమయాన్నే, 20వ శతాబ్దం మొదట్లో భారత ప్రామాణిక కాలం వచ్చేదాకా, దేశంలోని రైల్వేలు తమ టైంటేబుళ్లకు వాడుకున్నాయి. ఆ స్తంభం దగ్గరికి రైల్లో కాక మరెలా వెళ్తాం?

ఇక్కడ పని చేసినవారి కథలు కూడా చిన్నవి కావు. నార్మన్ పోగ్సన్ 1861లో ఇక్కడి నుంచే ఒక గ్రహశకలాన్ని కనిపెట్టి ఆసియా అని పేరు పెట్టాడు. నక్షత్రాల కాంతిని కొలిచే పరిమాణాల లెక్క ఆయన సవరించినదే. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి 1867లో కాంతి మారే నక్షత్రం ఒకదాన్ని గుర్తించారు. మరుసటి ఏడు 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం కోసం పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. హీలియం గుర్తింపునకు దారితీసిన గ్రహణం అదే. గుంటూరు, బందరు వాళ్లు ఈ స్తంభం దగ్గర నిలబడితే ఆ బంధుత్వం గుర్తుచేసుకోవచ్చు.

దారి తేలిక. సెంట్రల్ ఎదుటి పార్క్ స్టేషన్లో తాంబరం వైపు లోకల్ ఎక్కితే ఎగ్మూరు, చెట్‌పట్ తర్వాత నుంగంబాక్కం. అక్కడి నుంచి సిటీ బస్సో, ఆటోనో. అది పని చేస్తున్న కార్యాలయం గనుక గేటు దగ్గర మర్యాదగా అడిగి, అనుమతి ఇస్తేనే లోపలికి వెళ్లాలి. పదిమంది గుంపుగా వెళ్లేటట్లయితే ముందే ఉత్తరం రాయడం మంచిది. పని దినాల్లో వెళ్లండి.

మధ్యాహ్నానికి పార్క్ టౌన్ వచ్చి, వేళచ్చేరి వైపు ఎంఆర్‌టీఎస్ అనే నగర రైలెక్కి కోట్టూర్‌పురంలో దిగితే 1988లో మొదలైన బిర్లా నక్షత్రశాల. హైదరాబాద్‌ది చూసినవారికి ఇది తప్పనిసరి కాదు. చూడనివారు, ఎండ దంచేస్తున్నవారు వెళ్లవచ్చు.

సూళ్లూరుపేట: చెన్నై కొసమెరుపు, ప్రయోగం ఉంటేనే

చెన్నైకి అసలు బలం ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. సెంట్రల్‌ను ఆనుకునే ఉన్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి గుమ్మిడిపూండి దాకా వెళ్లే లోకల్ రైళ్లలో కొన్ని సూళ్లూరుపేట వరకూ పోతాయి. ఉపగ్రహాలను కక్ష్యలోకి పంపే ప్రయోగ కేంద్రం దగ్గరికి లోకల్ రైల్లో చేరగలిగే సదుపాయం మిగిలిన మూడు నగరాల్లో దేనికీ లేదు. విజయవాడ, నెల్లూరు వైపు నుంచి వచ్చేవారు చెన్నై దాకా పోయి వెనక్కి రానక్కర్లేదు. సూళ్లూరుపేటలో ఆగే రైలు చూసుకుంటే చాలు. లేదంటే నెల్లూరు-చెన్నై జాతీయ రహదారి మీద ఆర్టీసీ బస్సు ఉంది.

శ్రీహరికోటలో 2019లో ప్రజల కోసం ప్రయోగ వీక్షణ గ్యాలరీ తెరిచారు. అంతకుముందు షార్ (శ్రీహరికోటలోని ఇస్రో ప్రయోగ కేంద్రం) లోపల రాకెట్ చూడటం పలుకుబడి ఉన్నవారికే దక్కేది. ఇప్పుడు ప్రయోగానికి కొద్ది రోజుల ముందు షార్ వెబ్‌సైట్‌లో నమోదు మొదలవుతుంది. పెద్ద ప్రయోగాలకు సీట్లు చూస్తుండగానే అయిపోతాయి. చంద్రయాన్ లాంటి పేరున్న వాటి మీదే కన్ను వేయకండి. మామూలు పీఎస్‌ఎల్‌వీ రాకెట్ అయినా నేల మీది నుంచి చూసేవారికి అదే నిప్పు, అదే మోత. గ్యాలరీ కోసం గుర్తింపు కార్డు అసలుది తీసుకెళ్లాలి.

చిక్కల్లా చివరి అంచెతోనే. సూళ్లూరుపేట స్టేషన్ నుంచి పులికాట్ సరస్సు మీదుగా వేసిన రోడ్డులో శ్రీహరికోటకు దాదాపు 18 కిలోమీటర్లు. రైలు లేదు. ప్రయోగం రోజున వాహనాల రద్దీ విపరీతం. వెళ్లేటప్పుడు ఏదో ఒకటి దొరుకుతుంది, తిరిగి వచ్చేటప్పుడు వేలమంది ఒక్కసారిగా రోడ్డెక్కుతారు. రానూపోనూ ఒకే వాహనం ముందే మాట్లాడుకోండి. రాత్రి ప్రయోగమైతే ఆ రాత్రే చెన్నై చేరాలన్న పట్టుదల వద్దు. చివరి లోకల్ తప్పిపోయే అవకాశమే ఎక్కువ, సూళ్లూరుపేటలోనో నాయుడుపేటలోనో బస చూసుకోవడం నయం.

రాకెట్ లేచేటప్పుడు ఒక చిన్న పని చేయండి. ముందు వెలుగు కనిపిస్తుంది. కాసేపు నిశ్శబ్దంగానే అది పైకి లేస్తుంటుంది. తర్వాత గానీ మోత రాదు. వెలుగు కనిపించగానే మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టి, మోత వినిపించగానే ఆపండి. ప్రతి మూడు సెకన్లకూ దాదాపు ఒక కిలోమీటరు. మీరు ప్రయోగ వేదికకు ఎంత దూరంలో ఉన్నారో తేలిపోతుంది. ఇందాకటి మద్రాసు అబ్జర్వేటరీలో జాన్ గోల్డింగ్‌హామ్ 200 ఏళ్ల కిందట చేసినది ఇదే. సెయింట్ జార్జి కోటలోనూ, సెయింట్ థామస్ మౌంట్‌లోనూ ఫిరంగులు పేల్చే వేళ మెరుపుకూ శబ్దానికీ మధ్య కాలాన్ని కొలిచి, గాలిలో ధ్వని వేగం లెక్కకట్టాడు. ఉదయం స్తంభం, సాయంత్రం రాకెట్ చూసేవారికి ఆ రెండూ ఒకే పాఠంలోని రెండు పేజీలు.

శ్రీహరికోటనే ఎందుకు ఎంచుకున్నారో కూడా అక్కడ నిలబడితే అర్థమవుతుంది. ఎదురుగా తూర్పున అంతా సముద్రమే. విడిపోయిన రాకెట్ భాగాలు జనం మీద పడవు. పైగా భూమి తూర్పుకు తిరుగుతోంది గనుక, ఈ అక్షాంశం దగ్గర సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగం తూర్పు వైపు వెళ్లే రాకెట్‌కు ఉచితంగా దక్కుతుంది. 1971 అక్టోబరు 9న చిన్న రోహిణి సౌండింగ్ రాకెట్‌తో (పై గాలిపొరలను కొలిచి కిందపడే రాకెట్ ఇది) ఇక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. ఇలాంటి చిన్నవాటిని వదిలేసి పెద్ద వాహకనౌకలనే లెక్కిస్తే, 2025 జనవరి 29 నాటికి ప్రయోగాలు 100కు చేరాయి.

ప్రయోగం లేని రోజున సూళ్లూరుపేట వెళ్లడం దండగ. స్పష్టంగానే చెబుతున్నాను.

తిరువనంతపురం: దూరం ఎక్కువ, దక్కేది కూడా

రాకెట్ల మీద నిజమైన పిచ్చి ఉన్నవారికి, మూడు నాలుగు రోజులు తీరిక ఉన్నవారికి నా ఓటు తిరువనంతపురానికే. సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది, వరంగల్, విజయవాడ మీదుగా కేరళ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఏది ఎక్కినా ఇంచుమించు ఒక రోజు రైల్లోనే గడుస్తుంది. వారాంతంలో వెళ్లి వచ్చేద్దామంటే కుదరదు.

ఊరి శివార్లలో సముద్రం ఒడ్డున తుంబా. మత్స్యకారుల పల్లె, సెయింట్ మేరీ మాగ్దలీన్ చర్చి, కొబ్బరి చెట్లు. భూ అయస్కాంత మధ్యరేఖ ఈ ప్రాంతం మీదుగా పోతుంది. ఆ రేఖ వెంబడి నేలకు సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున బలమైన విద్యుత్ ప్రవాహం పారుతుంటుంది. బెలూన్లు అంత ఎత్తుకు వెళ్లలేవు, ఉపగ్రహాలు అంత కిందికి దిగలేవు. మధ్యలో ఉన్న ఆ పొరను అక్కడికే వెళ్లి కొలవాలంటే సౌండింగ్ రాకెట్ ఒక్కటే దారి. విక్రమ్ సారాభాయి బృందానికి ఈ స్థలం అంతగా నచ్చడానికి కారణం అదే. బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా చొరవతో ఊరివాళ్లు చర్చినీ ఇళ్లనూ వదులుకున్నారు. చర్చి కార్యాలయమైంది. రాకెట్ భాగాలు సైకిళ్ల మీద తరలాయి. 1963 నవంబరు 21 సాయంత్రం అమెరికా ఇచ్చిన నైకీ-అపాచీ రాకెట్, ఫ్రాన్స్ పంపిన సోడియం ఆవిరి పరికరాన్ని మోస్తూ అక్కడి నుంచి లేచింది.

ఆ చర్చే ఇప్పుడు అంతరిక్ష మ్యూజియం. సౌండింగ్ రాకెట్ల నుంచి పెద్ద వాహకనౌకల దాకా నమూనాలు ఉన్నాయి. వస్తువుల సంఖ్యలో ఇంతకంటే పెద్ద మ్యూజియంలు ఉండవచ్చు. అయితే పని జరిగిన గదిలోనే నిలబడి ఆ పని గురించి తెలుసుకునే వీలు నాలుగు నగరాల్లో ఇక్కడ ఒక్కచోటే ఉంది. నా లెక్కలో అదే గొప్ప. నగరం నడిబొడ్డున ఈస్ట్ ఫోర్ట్ నుంచి ఆ వైపు కేరళ ఆర్టీసీ బస్సులు ఉంటాయి. రైల్లో అయితే కళక్కూటం స్టేషన్ దగ్గర. మ్యూజియం విక్రమ్ సారాభాయి అంతరిక్ష కేంద్రం పరిధిలో ఉంది కాబట్టి గుర్తింపు కార్డు తప్పనిసరి. తెరిచి ఉండే రోజులు ముందే రూఢి చేసుకోండి.

మిగిలిన పూటకు నగరంలోనే పని ఉంది. స్వాతి తిరునాళ్ మహారాజు 1837లో స్థాపించిన వేధశాల పాళయం దగ్గరి గుట్ట మీద ఉంది. ఇప్పుడు కేరళ విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. 1850లలో దీనికి అధిపతిగా ఉన్న జాన్ అలన్ బ్రౌన్ ఇక్కడా, అగస్త్యమల కొండ మీదా ఏళ్ల తరబడి భూ అయస్కాంతత్వాన్ని కొలిచాడు. తుంబాకు రాకెట్లను రప్పించిన శాస్త్రానికి ఈ ఊళ్లో అప్పటికే వందేళ్ల వయసు ఉందన్నమాట. సంగీతం తెలిసినవారికి స్వాతి తిరునాళ్ పేరు కీర్తనలతో పరిచయం. ఆయన ఆకాశం కోసం ఖర్చు పెట్టిన సంగతి ఇక్కడికి వెళ్తే గానీ తెలియదు. పీఎంజీ కూడలి దగ్గర ప్రియదర్శిని నక్షత్రశాల ఉంది. టైము మిగిలితే చూడండి, లేకపోతే సముద్రం వైపు పొండి.

బెంగళూరు: మరో పని మీద వెళ్తే

బెంగళూరును చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. ఇస్రో ఉపగ్రహాల పుట్టిల్లు అదే. మెట్రో ఆకుపచ్చ లైనులో పీణ్య స్టేషన్ ఉంది. ఆ పారిశ్రామికవాడలోని రేకుల షెడ్లలోనే యు.ఆర్.రావు నాయకత్వంలో 360 కిలోల ఆర్యభట తయారైంది. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ దాన్ని కక్ష్యలో పెట్టింది. పాత రెండు రూపాయల నోటు ఇంట్లో ఎక్కడైనా ఉంటే వెనక్కి తిప్పి చూడండి, అనేక ముఖాల ఆ ఉపగ్రహం కనిపిస్తుంది. అయితే పీణ్యలో దిగితే కనిపించేది లారీలూ వర్క్‌షాపులే. చూడటానికంటూ ఏమీ లేదు. కథ తెలిసినవారు మెట్రో కిటికీలోంచి ఆ రేకుల కప్పులను చూసి సంతృప్తి పడాలి.

తలుపు తెరిచి ఉన్నవి రెండు మూడు. 1989 నుంచి ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ నక్షత్రశాల విధానసౌధ మెట్రో స్టేషన్‌కు దగ్గర. కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియంలో అంతరిక్ష విభాగం ఉంది, కబ్బన్ పార్కు స్టేషన్ నుంచి నడిచి వెళ్లవచ్చు. పాత విమానాశ్రయం రోడ్డులోని హాల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) మ్యూజియానికి సిటీ బస్సులు ఉన్నాయి, అయితే అక్కడ విమానాలదే ప్రాధాన్యం. బెంగళూరు ట్రాఫిక్ సంగతి తెలిసినదే కనుక మూడూ ఒకే రోజు పెట్టుకోకండి. మొదటి రెండూ మెట్రో మీద హాయిగా పూర్తవుతాయి. ఉద్యోగం పని మీదో, పెళ్లికో వెళ్లినప్పుడు ఒక పూట వీటికి ఇస్తే సరిపోతుంది. ప్రత్యేకంగా దీనికోసమే రైలెక్కి వెళ్లమని మాత్రం చెప్పలేను.

టెలిస్కోపుల అభిమానులకు ఇక్కడి నుంచి ఒక దారి ఉంది. తమిళనాడులోని కావలూరులో వేణు బాపు పేరు పెట్టిన వేధశాల, అందులో 1986 నుంచి పని చేస్తున్న 2.3 మీటర్ల టెలిస్కోపు ఉన్నాయి. చెన్నై-బెంగళూరు రైలు మార్గంలో జోలార్‌పేట గానీ వాణియంబాడి గానీ దిగి, ఆలంగాయం మీదుగా బస్సులో కొండలెక్కాలి. శనివారాల్లో సందర్శకులను అనుమతించే ఆనవాయితీ ఉంది, ముందుగా కనుక్కుని వెళ్లండి. రాత్రి తిరుగు బస్సు దొరకదన్నది గుర్తుంచుకుంటే చాలు.

ఎవరికి ఏది

చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి హైదరాబాద్. ఒక్క పూటే ఉన్నా ఫలితం దక్కుతుంది, తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆ రాష్ట్రపు ఆడవారికి ఉచిత ప్రయాణం ఉంది గనుక అక్కడి జిల్లాల నుంచి వచ్చేవారికి ఖర్చూ కలిసివస్తుంది. మెట్రోకు మాత్రం టికెట్ కొనాల్సిందే.

కాలేజీ విద్యార్థులకు, చరిత్రా సైన్సూ రెండూ ఇష్టమైనవారికి చెన్నై. తేదీని ప్రయోగమే నిర్ణయించాలి. గ్యాలరీలో పేరు నమోదైన తర్వాతే రైలు టికెట్ తీయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. మబ్బు పట్టి ఉంటే రాకెట్ కొద్ది సెకన్లలోనే కనుమరుగవుతుంది. జనవరి నుంచి మార్చి వరకు ఆకాశం తేటగా ఉంటుంది, ఎండ కూడా ఇంకా ముదరదు. తిరువనంతపురానికి కూడా అవే నెలలు మంచివి.

మూసి ఉన్న గేట్లు ఏడాదిలో కొన్ని రోజులు కాస్త తెరుచుకుంటాయి. చంద్రయాన్-3 దిగిన ఆగస్టు 23ను జాతీయ అంతరిక్ష దినోత్సవంగా జరుపుతున్నారు. అక్టోబరు 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారోత్సవం. స్పుత్నిక్ ఎగిరిన తేదీతో మొదలై, అంతరిక్ష ఒప్పందం అమల్లోకి వచ్చిన తేదీతో ముగుస్తుంది. ఆ రోజుల్లో ఇస్రో కేంద్రాలు ప్రదర్శనలు పెడుతుంటాయి, కొన్నిచోట్ల విద్యార్థులను లోపలికి తీసుకెళ్తారు. బెంగళూరుకు వెళ్లాలని పట్టుబట్టేవారు ఆ వారాన్ని చూసుకుంటే నేను పైన చెప్పిన ఫిర్యాదు చాలావరకు తీరుతుంది. బాలానగర్‌కూ అదే వర్తిస్తుంది.

ఇక వాయిదాల సంగతి. వాతావరణం అనుకూలించకనో, సాంకేతిక లోపం వల్లనో ప్రయోగం ఆగడం సర్వసాధారణం. కౌంట్‌డౌన్ చివరి నిమిషాల్లో ఆగిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే సూళ్లూరుపేట వెళ్లేవారు ముందు రోజే చెన్నై చేరుకుని నుంగంబాక్కం, కోట్టూర్‌పురం చూసేయాలి. తిరుగు రిజర్వేషన్ ప్రయోగం మర్నాటికి కాక ఆపై రోజుకు పెట్టుకోవాలి. ఒక రోజు వాయిదా పడినా తట్టుకోవచ్చు. వారం వాయిదా పడితే సూళ్లూరుపేట నుంచే నెల్లూరు వైపు రైలెక్కండి, మళ్లీ నమోదు ఎప్పుడు తెరుస్తారో ఆ వెబ్‌సైట్ మీద కన్నేసి ఉంచండి.